ఊరి చెరువులో చలికాలపు పక్షుల ఫొటోలు: ముందు గట్టు మీద బోర్లా పడుకోవడం నేర్చుకోండి

మార్గశిరం వచ్చిందంటే చాలు, మా బరంపురంలో చేతిలో కెమెరా ఉన్న ప్రతివాడి నోటా చిలికా సరస్సు మాటే. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి లేచి, మంకీ క్యాప్ తగిలించుకుని, వంద కిలోమీటర్లు దాటి ఆ సరస్సు ఒడ్డునున్న మంగళజోడి వెళ్లి, పడవలో మూడు గంటలు కూర్చుని ఎనిమిది వందల ఫొటోలు తీసుకొస్తాం. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే అందులో పనికొచ్చేవి ఆరు. ఆ ఆరూ పక్కవాడు తీసినట్టే ఉంటాయి, ఎందుకంటే పక్కవాడూ అదే పడవలో ఉన్నాడు కదా. నేను రెండు చలికాలాలు ఇలాగే తిరిగాను. మూడో ఏడు బండి రిపేరుకొచ్చి ఎటూ కదలలేక, ఇంటికి నాలుగు కిలోమీటర్లలో ఉన్న ఊరి చెరువుకి సైకిల్ మీద పోవడం మొదలుపెట్టాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ముప్ఫైసార్లయినా వెళ్లుంటాను. ఈరోజు నా దగ్గరున్న మంచి ఫొటోల్లో సగానికి పైగా ఆ చెరువువే.

చిలికాకీ వెళ్దురుగాని, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇంటి దగ్గర చెరువు ఒకటి పట్టుకోండి, దానికే మళ్లీమళ్లీ వెళ్లండి. ఏ మూల బురద తేలుతుందో, ఏ కర్ర మీద లకుముకి పిట్ట వాలుతుందో, గేదెలు ఎన్నింటికి దిగుతాయో నాలుగైదుసార్లు వెళ్తేగానీ తెలీదు. అది తెలిశాక సగం పని అయిపోయినట్టే.

ఏ చెరువు, ఏ గట్టు

నిండుగా, లోతుగా, చుట్టూ సిమెంటు మెట్లతో చూడ్డానికి అందంగా ఉండే చెరువు మనకి పనికిరాదు. ఒక పక్క నీళ్లు తగ్గి బురద బయటపడి, ఇంకో పక్క జమ్మో తామరో గుర్రపుడెక్కో ఉన్న చెరువు వెతకండి. లోతులేని చోటే కొంగలు, బురదలో పొడిచి మేసే ఉల్లంకులు, పొడుగుకాళ్ల పిట్టలు తిరుగుతాయి, తామరాకుల మీద జకానా నడుస్తుంది, నడి నీళ్లలో బాతులు నిద్రపోతుంటాయి. అవును, నిద్రే. చాలా రకాల బాతులు రాత్రంతా మేసి పగలు పడుకుంటాయి, అందుకే పది గంటలకి వెళ్లి చూస్తే తల వెనక్కి తిప్పి రెక్కల్లో దూర్చుకున్న ముద్దలు తప్ప ఏం కనిపించవు. చేపలకి వేలం పాడుకున్న చెరువైతే కాస్త విచారించండి. నీటికాకుల్ని తోలడానికి టపాసులు కాల్చేవాళ్లుంటారు, అలాంటి చోట పక్షులకి మనిషి నీడ పడినా భయమే.

గట్టు విషయంలో ఒకటే లెక్క. పొద్దున్న అయితే మీరు తూర్పు గట్టు మీద, సాయంత్రమైతే పడమటి గట్టు మీద ఉండాలి, అంటే సూర్యుడు మీ వీపు మీద పడాలి. చలికాలంలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక ఆగ్నేయం మూలగా లేస్తాడు, కాబట్టి పొద్దున్నపూట ఆగ్నేయం వైపు గట్టు దొరికితే ఇంకా మేలు. ఇది తెలియక నేను మొదటి నెలంతా పడమటి గట్టు మీద కూర్చున్నాను, అక్కడ చింతచెట్టు నీడ హాయిగా ఉందని. ఫొటోల్లో పక్షులన్నీ నల్లటి బొమ్మలు. పొగమంచులో, ఎర్రటి నీళ్ల మీద నల్లటి బొమ్మలు బాగానే ఉంటాయి, ఒకటి రెండైతే. నాలుగు వందలుంటే మాత్రం విసుగు.

మా జిల్లాలో చెరువు దొరక్కపోవడం అనేది లేదు. కాస్త పెద్దది కావాలంటే ఛత్రపూర్ పక్కన తంపర సరస్సు ఉంది, మంచినీటిది, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలలుండే రామ్‌సార్ జాబితాలో కూడా చేరింది. మన శ్రీకాకుళం వైపు తంపర అంటే నీరు నిలిచే పల్లపు భూమి, అక్కడికెళ్తే ఆ పేరు బాగానే నప్పిందనిపిస్తుంది. అక్కడ బోటింగ్ ఉంది, బోట్లు కదలకముందే పని ముగించుకోవాలి. ఉప్పునీటి పక్షులు, అంటే గల్‌లు, టెర్న్‌లు, ఇసక మీద పరిగెత్తే చిన్న పిట్టలు కావాలంటే రుషికుల్య సముద్రంలో కలిసేచోటు గానీ, ఇచ్ఛాపురం మీదుగా వచ్చే బాహుదా సోనాపూర్ దగ్గర కలిసేచోటు గానీ చూడండి. గోపాలపూర్ వైపు వెళ్తే ఒక్క జాగ్రత్త. అక్కడ ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, ఆ పరిసరాల్లో పెద్ద లెన్సు పైకెత్తి తిరిగితే పక్షుల గురించి ఎవరికో ఒకరికి చాలాసేపు వివరించాల్సొస్తుంది.

సరిహద్దు దాటి ఇటు శ్రీకాకుళం వైపు వస్తే పక్షుల ఊళ్లు తేలుకుంచి, తేలినీలాపురం కూడా దగ్గరే. కాకపోతే తేలుకుంచి కొంగలు వానాకాలం మొదట్లో వచ్చి పిల్లల్ని పెంచుకుని, చలి ముదిరేసరికి చాలామటుకు వెళ్లిపోతాయి. చలికాలంలో చూడాల్సింది తేలినీలాపురం గూడబాతుల్ని (పెలికాన్లని), రంగురంగుల పెయింటెడ్ కొంగల్ని. ఈ రెండు ఊళ్లలోనూ అవి సైబీరియా నుంచి వచ్చాయనే అంటారు, పేపర్లలోనూ అలాగే రాస్తారు. నిజానికి ఆ గూడబాతులు, తేలుకుంచిలో ముక్కు మధ్య సందుండే ఓపెన్‌బిల్ కొంగలు మన ఉపఖండం పక్షులే, గూళ్లు ఇక్కడే పెడతాయి. ఉత్తరాది మంచు దేశాల నుంచి నిజంగా వచ్చేవి సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు, పొడుగుముక్కు గాడ్‌విట్‌ల లాంటివి. చక్రవాకాలు, తల మీద రెండు నల్లచారలున్న బాతులు టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాల మీదుగా దిగుతాయి. ఊరివాళ్లతో దీని మీద వాదనకి దిగకండి. వాళ్లు వాటిని సొంత ఆడపిల్లల్లా కాపాడుకుంటున్నారు, అది చాలు.

ముందు మనుషులతో మాట్లాడండి

ఇది ఎవరూ చెప్పరు. ఊరి చెరువు అంటే పక్షులది మాత్రమే కాదు. పొద్దున్నే చెంబు పట్టుకుని వచ్చేవాళ్లుంటారు, బట్టలుతికేవాళ్లుంటారు, ఆడవాళ్లు స్నానానికి వచ్చే రేవు ఉంటుంది. అక్కడ మూరెడు లెన్సు పట్టుకుని పొదల వెనక నక్కిన మగాడు కనిపిస్తే ఊరు ఏమనుకుంటుందో మీరే ఆలోచించండి. నన్ను ఒకసారి ముగ్గురు కుర్రాళ్లు నిలదీశారు, తప్పు వాళ్లది కాదు. అప్పట్నుంచి కొత్త చెరువుకి మొదటిరోజు కెమెరా బయటికే తీయను. గట్టు మీది టీ బడ్డీ దగ్గర కూర్చుని, రేవు ఎటుందో అడిగి తెలుసుకుని, లెన్సు ఎప్పుడూ ఆ వైపు తిప్పను. "కొణొ ఫొటో ఉఠాఉఛొ?" (ఏం ఫొటో తీస్తున్నావు?) అని ఎవరైనా అడిగితే వెంటనే కెమెరా వెనక తెర చూపించి, తీసిన పిట్టల్ని ఒక్కొక్కటే జరిపి చూపిస్తాను. మా వైపు ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి కాబట్టి రెండో నిమిషంలో "మీది ఏ ఊరు బాబూ" దాకా వచ్చేస్తుంది. వల వేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు, ఆయన్ని నేను మావయ్యా అని పిలుస్తాను, ఆయనకి నా కన్నా పక్షుల సంగతి వంద రెట్లు తెలుసు. పేర్లు తెలీవు. ఏ పిట్ట ఎక్కడ, ఎప్పుడు అనేది తెలుసు. మదుం (తూము) దగ్గర నీళ్లు వదిలిన రెండో రోజు పొద్దున్న రమ్మన్నాడు ఒకసారి, వెళ్తే బురదలో చేపపిల్లల కోసం యాభై అరవై కొంగలు.

రోజు ఎంచుకోవడం కూడా మనుషుల్ని బట్టే. కార్తీక పున్నమి తెల్లవారుజామున ఒడిశాలో ప్రతి నీటి ఒడ్డునా చిన్న చిన్న బొమ్మ పడవలు వదులుతారు, ఆరోజు పక్షుల మాట మర్చిపోయి మీరూ ఒక పడవ వదలండి. డిసెంబరు ఆఖరి వారం, జనవరి ఒకటి పిక్నిక్ జనం సౌండు బాక్సులతో దిగుతారు. మామూలు పనిరోజు, మంగళవారమో లక్ష్మివారమో, ఆఫీసుకి ముందు గంటన్నర దొరికితే అదే బంగారం. ఇల్లు దగ్గరుంటే లాభం అదే, ఎనిమిదింటికి తిరిగొచ్చి స్నానం చేసి డ్యూటీకి పోవచ్చు.

బోర్లా పడుకోవడం

అసలు విషయం ఇదే. గట్టు మీద నిలబడి కిందికి చూస్తూ తీస్తే బాతు వెనక నీళ్లు మాత్రమే కనిపిస్తాయి, బాతు ప్లేటులో పెట్టిన ఇడ్లీలా ఉంటుంది. అదే బాతుని నీటి మట్టానికి కెమెరా దించి తీస్తే దాని వెనకున్న జమ్ము, దూరపు కొండ మెత్తగా కరిగిపోయి, ముందున్న నీళ్లు కూడా కరిగిపోయి, మధ్యలో బాతు, దాని కన్ను, ఆ కంట్లో ఎండ చుక్క మాత్రం నిలుస్తాయి. లెన్సు మార్చక్కర్లేదు, లక్ష ఖర్చు పెట్టక్కర్లేదు. నడుం వంచాలి అంతే. పడుకోలేనివాళ్లు పిల్లల ముక్కాలిపీట మీద కూర్చుని కెమెరా మోకాళ్ల మధ్యకి దించినా చాలా తేడా వస్తుంది. తెర బయటికి తిరిగే కెమెరా ఉంటే మెడకి సుఖం.

ట్రైపాడ్ ఈ పనికి అడ్డం. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి మోకాలి దాకా కోసి, ఒక కొస కుట్టి, అందులో రెండు కిలోల పెసలు పోసి రెండో కొస కూడా కుట్టేయండి, దాని మీద లెన్సు ఆనిస్తే రాయిలా నిలుస్తుంది. ఊక పోయకండి, తేలికైపోయి కదులుతుంది. బియ్యం కూడా పర్లేదు గానీ తడిస్తే ముద్దవుతుంది. మా అమ్మ మొదటిసారి చూసి పెసలు పాడుచేస్తున్నానని వారం రోజులు సణిగింది.

పడుకునే ముందు చోటు చూసుకోండి. ఎందుకో పైన చెంబు మాటలోనే చెప్పాను. ఇంకో కారణం పాములు. చలికాలం పొద్దున్న ఎండ కాగడానికి గట్టు మీదికి వస్తాయి, మన పొలాల్లో రక్తపింజరి తక్కువేం కాదు. చీకట్లో టార్చి లేకుండా, బూట్లు లేకుండా గట్టెక్కొద్దు. ఒక ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత దుప్పటి వేసుకుంటే మంచు తడి అంటదు. బట్టలు మట్టి రంగో ఆకుపచ్చో, ఏదైనా సరే తెలుపు కాకుండా చూసుకోండి.

దగ్గరికి చేరడం అనేది ఓపిక వ్యవహారం. సూర్యుడు రాకముందే, జనవరిలో అయితే ఆరింటికే, వెళ్లి పడుకుని కదలకుండా ఉండిపోతే వెలుగొచ్చేసరికి పక్షులు మిమ్మల్ని గట్టులో భాగం అనుకుంటాయి. ఆలస్యంగా వెళ్తే నేరుగా వాటి వైపు నడవకండి. ఏటవాలుగా, ఎటో పోతున్నట్టు, మధ్యమధ్యలో ఆగుతూ, వాటి కళ్లలోకి చూడకుండా. మేస్తున్న పక్షి తల పైకెత్తిందా, ఆగండి. నాలుగైదు ఒకేసారి మెడలు నిక్కించి ఒకే వైపు మెల్లగా ఈదడం మొదలుపెట్టాయా, ఇక ఒక్క అడుగు కూడా వేయకుండా వెనక్కి తగ్గండి, తర్వాతి క్షణం గుంపంతా లేచిపోతుంది. లేపి తీస్తే ఎగిరే ఫొటో వస్తుంది కదా అంటాడు మా బావ. వస్తుంది, వీపులు, తోకలు. పైగా వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి కండ పట్టించుకుంటున్న పక్షిని రోజుకి పదిసార్లు లేపితే అది తిన్నదంతా ఎగరడానికే సరిపోతుంది. రాయి విసిరేవాడితో నేను రెండోసారి వెళ్లను. ఫోన్లో కూత పెట్టి పిలవడం, చేపలు విసిరి అలవాటు చేయడం, డ్రోన్ ఎగరేయడం కూడా నా లెక్కలో రాయి విసరడమే.

కెమెరాలో ఏం పెట్టాలి

ఏ కెమెరా కొనాలి అనే ప్రశ్నకి నా దగ్గర పెద్ద సమాధానం లేదు, ఉన్నదాంతో మొదలెట్టండి. 70-300 మి.మీ. లెన్సు, మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌తో రెండేళ్లు తీశాను. నికాన్ పీ900 లాంటి 83 రెట్ల జూమ్ ఉన్న కెమెరాతో మా స్నేహితుడు చాలా బాగా తీస్తాడు, కాకపోతే ఎగిరే పక్షి దానికి అందదు, కూర్చున్న పక్షే. ఫోన్ మాత్రమే ఉంటే ఒక్క పక్షి వెంట పడకండి, పొగమంచు, తాటిచెట్లు, వాటి మీదుగా పోయే గుంపు, అలాంటివి తీయండి.

షట్టర్ వేగం విషయంలో మొహమాటపడొద్దు. నిద్రపోయే బాతుకి 1/500 సెకను సరిపోతుంది, నడిచే కొంగకి 1/1000, ఎగిరేదానికి 1/2000 తగ్గనివ్వకండి, చిన్న టెర్న్ అయితే ఇంకా పైకి. అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్ను, మీ లెన్సు ఎంత తెరుచుకుంటే అంత, ఎఫ్ 5.6 గానీ 6.3 గానీ. ఐఎస్‌ఓని, అంటే కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయిని, ఆటోలో వదిలేసి పై హద్దు 3200కో 6400కో కట్టండి. కొత్తవాళ్లు ఐఎస్‌ఓ పెరిగితే చుక్కలొస్తాయని భయపడి షట్టర్ తగ్గించేస్తారు. చుక్కల్ని తర్వాత కంప్యూటర్‌లో కొంత తుడవచ్చు, ఊగిపోయిన పక్షిని ఎవడూ నిలబెట్టలేడు. ఫోకస్ నిరంతరం వెంటాడే పద్ధతిలో ఉంచండి, పక్షి కన్ను వెతికే సౌకర్యం మీ కెమెరాలో ఉంటే ఆన్ చేయండి, లేకపోతే మధ్య చుక్క ఒక్కటి కంటి మీద పెట్టండి. కీచుమనే బీప్, ఫోకస్ కోసం వెలిగే ఎర్ర లైటు, రెండూ ఇంట్లోనే ఆపేసి బయల్దేరండి.

అన్నిటికన్నా ఎక్కువ మంది దెబ్బతినేది తెల్ల కొంగ దగ్గర. నల్లటి నీళ్ల మధ్య తెల్లటి కొంగ ఉంటే కెమెరా నీళ్లని చూసి చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది, కొంగ సున్నం పూసిన బొమ్మ అయిపోతుంది, ఈకల గీతలు ఒక్కటీ మిగలవు. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించి ఒకటి తీసి, మరీ తెల్లబడిపోయిన చోట తెర మీద మెరిసే హెచ్చరిక పోయిందో లేదో చూసుకోండి. దీనికి ఉల్టా, తెల్లటి ఆకాశం మీద నీటికాకి ఎగిరితే ప్లస్ 1 పెంచాలి. గుడ్డికొంగ మోసగత్తె. కూర్చున్నప్పుడు మట్టి రంగులో ఉంటుంది, లేచిందంటే రెక్కలు పాలలా తెల్లగా విచ్చుకుంటాయి, కూర్చున్నదానికి లెక్క కట్టిన వెలుతురు ఎగిరేదానికి ఎక్కువైపోతుంది. అందుకే దాన్ని చూస్తే ముందే కొంచెం తగ్గించి ఉంచుతాను. ఈ తలనొప్పులన్నిటికీ రా ఫైల్ (కెమెరా పట్టినదంతా కుదించకుండా దాచే ఫైల్) తీయడం కొంతవరకు మందు, కార్డు త్వరగా నిండిపోతుందని మానేయకండి.

మొదటి వారం చిన్న కొంగలతో, నీటికాకులతోనే గడపండి. నీటికాకి రెక్కలారేసుకుని పావుగంట కదలకుండా నిలబడుతుంది, అంతకన్నా మంచి గురువు లేదు. చిన్న తెల్లకొంగ కాళ్లు నల్లగా, వేళ్లు పసుప్పచ్చగా ఉంటాయి, నీళ్లలోంచి కాలెత్తిన క్షణం పట్టుకోవడం నేర్చుకుంటే టైమింగ్ వచ్చేసినట్టే. ఓపెన్‌బిల్ నత్తని పట్టినప్పుడు ముక్కు మధ్య సందు కనిపించేలా పక్క నుంచి తీయాలి. జకానాకి పొడుగు తోక రాలేదే అని చలికాలంలో దిగులు పడొద్దు, ఆ తోక గుడ్లు పెట్టే కాలంలోనే ఉంటుంది.

ఎగిరేవాటికి గాలిని చదవండి. పక్షి లేచినా వాలినా గాలికి ఎదురుగానే. చలికాలం పొద్దున్న మా వైపు ఎక్కువగా ఉత్తరపు గాలి ఉంటుంది, అంటే తూర్పు గట్టు మీదున్న మీకు వాలే పక్షి ఎడమ నుంచి కుడికి, ఎండ ఒంటి మీద పడుతూ పోతుంది, చక్కగా పక్కవాటంగా దొరుకుతుంది. ఎండెక్కాక సముద్రపు గాలి తిరిగితే అవి మీ ముఖానికే వస్తాయి గానీ అప్పటికి నీటి మీద ఆవిరి అలలు లేచి ఏ లెన్సు పెట్టినా బొమ్మ వణుకుతుంది, ముఖ్యంగా దూరపు పక్షి. తొమ్మిదిన్నర దాటితే నేను సర్దేస్తాను. చేపల కోసం ఒకే దారిలో అటూ ఇటూ తిరిగే టెర్న్‌లు, గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడే నలుపు తెలుపు లకుముకి పిట్ట, ఈ రెండూ సాధన చేయడానికి దేవుడిచ్చినవి. ఒకసారి తప్పితే నిమిషంలో మళ్లీ వస్తాయి.

పడవెక్కినప్పుడు

చెరువులో చేయి తిరిగాక చిలికాకి వెళ్లండి, అప్పుడు ఎనిమిది వందల్లో ఆరు కాదు, అరవై వస్తాయి. 1981లోనే రామ్‌సార్ జాబితాకెక్కిన సరస్సు అది. మాకు దగ్గర రంభ, రైలు దిగి వెళ్లిపోవచ్చు, కానీ అక్కడ నీళ్లు పెద్దవి, పక్షులు దూరం. దగ్గరగా కావాలంటే మంగళజోడి. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మిన ఊరు, ఆ వేటగాళ్లే ఇప్పుడు పడవలు నడుపుతూ పక్షుల్ని చూపిస్తున్నారు. గెడ కర్రతో నెట్టే పడవలు కాబట్టి మోత ఉండదు. గాడ్‌విట్‌లు, చిత్రమైన ఎర్రకాళ్ల పొడుగు పిట్టలు, నీలి నీటికోళ్లు పది పదిహేను అడుగుల్లో తిరుగుతుంటాయి. నలబణ దీవి మాత్రం అభయారణ్యం, అనుమతి లేకుండా పడవ అటు తిప్పమని ఎవరినీ బతిమాలకండి.

పడవలో మీరు ముందు భాగంలో, పలకల మీద కాకుండా అడుగున కూర్చుని, పెసల సంచి అంచు మీద పెట్టుకోండి. పడవ ఆగినట్టు కనిపించినా ఊగుతూనే ఉంటుంది, అందుకే షట్టర్ గట్టు మీద కన్నా ఒక మెట్టు పైన. పడవ నడిపే అన్నకి ముందే చెప్పుకోండి, పక్షి దగ్గరికి నెట్టొద్దు, ఎండని వెనకేసుకుని పడవని వదిలేస్తే చాలని. "టికే రుహొంతు" అంటే ఆగుతాడు. వాళ్లకి టూరిస్టులు ఎప్పుడూ దగ్గరికి, ఇంకా దగ్గరికి అనే చెప్తుంటారు, మీరు ఆగమంటే ముందు వింతగా చూసి తర్వాత మురిసిపోతారు. అలా ఆగినప్పుడే ఒకసారి నల్లతోక గాడ్‌విట్‌లు ముప్ఫై దాకా మేసుకుంటూ మేసుకుంటూ మా పడవ చుట్టూ వచ్చేశాయి, చివరికి ఫోకస్ అందనంత దగ్గరికి. కెమెరా పక్కన పెట్టేసి చూస్తూ కూర్చున్నాం.

ఇంటికొచ్చాక

మా తీరంలో లెన్సుకి అసలు శత్రువు తేమ. ఒక వానాకాలం మొత్తం బ్యాగులోనే వదిలేసిన లెన్సు కార్తీకంలో తీసి చూస్తే లోపల సాలెగూడులా బూజు. బాగుచేయమని ఒక షాపులో ఇస్తే మూడు నెలలు తిప్పి, ఆటోఫోకస్ కూడా పోగొట్టి ఇచ్చారు. ఆ చలికాలమంతా చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ తీశాను. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో సిలికా జెల్ సంచులు, ఖర్చు మూడు నాలుగు వందలు దాటదు, ముందే ఆ పని చేయండి. సముద్రం ఒడ్డు నుంచి వస్తే కెమెరా మీది ఉప్పు పోవడానికి కొంచెం తడిపి పిండిన గుడ్డతో దాని బయట తుడిచి, తర్వాత పొడిగుడ్డ.

ఫొటోలు దిద్దేటప్పుడు ముందు నీటి గీత వాలిందేమో చూడండి, వాలితే చెరువు ఒలికిపోతున్నట్టుంటుంది. పక్షి చూసే వైపు ఖాళీ ఎక్కువ ఉంచండి, నీళ్లలో నీడ ఉంటే దాన్ని సగంలో కోయకండి. రంగులు మరీ పెంచి లకుముకి పిట్టని ప్లాస్టిక్ బొమ్మ చేయకండి, అది ఉన్నదే చాలా నీలం.

గుంపులు రాత్రి చేరే చోటు, గూళ్లున్న చెట్టు, వీటి ఖచ్చితమైన జాగా ఫొటోతో పాటు నలుగురిలో పెట్టొద్దు. వలలు వేసేవాళ్లు, గింజల్లో మందు కలిపేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకీ ఫోన్లున్నాయి. అలాంటిది కంటపడితే మీరే తగువుకి దిగకుండా అటవీశాఖకి చెప్పండి. చచ్చిన పక్షులు ఒకేచోట నాలుగైదు కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, అదీ వాళ్లకే చెప్పాలి.

ఇంకొకటి. ఇంటికొచ్చి ఫొటో పెద్దది చేసినప్పుడు కాళ్ల వైపు, మెడ వైపు కూడా ఒకసారి చూడండి. చారల తల బాతు మెడకి రంగు పట్టీ, ఉల్లంకి కాలికి లోహపు కడియమో రంగు జెండానో కనిపించొచ్చు. కడియం మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయమని రాసి, ఒక నంబరు ఉంటుంది. ఆ అక్షరాలు చదవగలిగేలా ఉంటే తేదీ, చోటు రాసి వాళ్లకి పంపండి. ఒక్క ఫొటోలో నంబరు మొత్తం పడదు, కాలు తిప్పినప్పుడల్లా ఒకటి తీస్తూ పోవాలి, బురదంటుకుని ఉంటే అది నీళ్లలోకి దిగి కడుక్కునేదాకా ఆగాలి. నాకు ఒకసారి మూడు అంకెలు దొరికాయి, నాలుగోది బురద కింద ఉండిపోయింది, మర్నాడు పొద్దున్న ఐదున్నరకే మళ్లీ వెళ్లి పడుకున్నాను గానీ ఆ పిట్ట రాలేదు.